కంచరి తాత, ఆయన ఫ్రెంచి బావ

మా మనవరాలి ఆఫీసులో ఏదో కుటుంబాల పండుగట. ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకెళ్ళి తాము కూచునే కుర్చీ, తాగే కాఫీ మిషనూ చూపించుకుంటారట. "నీ కుర్చీ చూడనీకి నేనెందుకే, ఫొటో తీసి చూపియ్యి" అన్నాను. వింటేగా! నానక్‌రామ్‌గూడలో ఆ అద్దాల మేడ ముందు కారు దిగేసరికి నాకు నవ్వొచ్చింది. ఆ మేడ లేచిన జాగాలో ఒకప్పుడు మా అత్తమ్మ కోళ్ళు తిరిగేవి. సరిగ్గా ఆ జాగాయేనా అంటే ఒట్టు పెట్టలేను. రాతిగుండ్లన్నీ పగలగొట్టేశాక గుర్తుపట్టడానికి ఏం మిగిలిందని? అటూ ఇటూగా అక్కడే.

లోపల హాలు మా పాత ఊరంత ఉంది. మధ్యలో ఎర్రతాడు కట్టి, దాని లోపల నిలువెత్తు కంచు ఆడమనిషిని నిలబెట్టారు. వీపున రెక్కలు, ఒక పాదం నేలకు ఆనీ ఆననట్టు. ఆమెను చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. మనవరాలు కంగారుపడి "కళ్ళు తిరుగుతున్నాయా అమ్మమ్మా?" అంది. తాడు మీదుగా ఒంగి, వేలి కణుపుతో ఆమె మోకాలి మీద టక్కుమని కొట్టాను. ఖంగుమంది.

సెక్యూరిటీ పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ముట్టుకోవద్దమ్మా!"

"ముట్టలేదు బిడ్డా, పలకరించిన" అన్నాను.

అలా కొట్టి చూడడం నా అలవాటు కాదు. కంచరి తాతది. ఆయనకో పేరుంది, నాకు తెలుసు కూడా. కానీ రాయను. ఎందుకు రాయనో మీకే తెలుస్తుంది.

ఆయనది కొత్తగూడ. ఇప్పటి ఫ్లైఓవరు కొత్తగూడ కాదు. నాలుగు ఇళ్ళు, రెండు బావులు, చుట్టూ సీతాఫలం పొదలు. నేను కొత్తకోడలిగా నానక్‌రామ్‌గూడకు వచ్చినవి నలభైల ఆఖరి రోజులు. నిజాం రాజ్యం పోయింది, వచ్చిందెవరి రాజ్యమో మా ఊరికింకా సరిగ్గా ఎక్కలేదు. అప్పుడు భుజాన గోనెసంచీ వేసుకుని పాత కంచూ ఇత్తడీ ఏరుకుంటూ వచ్చేవాడు తాత. మైనంతో అచ్చు చేసుకుని, వాటిని కరిగించి చెంబులు పోసేవాడు, గుడిగంటలు పోసేవాడు, ఎవరైనా అడిగితే అరచేయంత పోచమ్మను కూడా పోసేవాడు.

ఏది కనబడ్డా వేలి కణుపుతో కొట్టందే ఆయనకు తోచదు. బిందె అయితే సరే, గుమ్మడికాయనూ కొడతాడు, గుమ్మాన్నీ కొడతాడు. ఒకసారి మా మామగారు బట్టతల వంచుకుని మంచానికి నులక బిగిస్తుంటే దాని మీద కూడా కొట్టి, చెవి ఒగ్గి, "ఫికర్ లేదు, నిండుగనే ఉన్నది" అన్నాడు. మా మామగారు వారం రోజులు మాట్లాడలేదు. తాతకు ఆ సంగతే తెలియదు.

ఇక రెండోది, గొప్పలు. అమ్మో, ఏం గొప్పలు! ప్రతిదానికీ మొదలు ఒకటే: "చెప్తే గొప్పలంటరు గని..." చెప్తే గొప్పలంటరు గని, నేను పోసిన గంట కొడితే గోలకొండల వినొస్తది. చెప్తే గొప్పలంటరు గని, నా చెంబుల నీళ్ళు తాగి ఒకాయనకు దగ్గు పోయింది. పుప్పాలగూడ గుడికి ఆయన పోసిన గంట ఒకటి పోతలోనే బీట వేసి, కొడితే కిరసనాయిలు డబ్బా మోగినట్టు మోగేది. అడిగితే తడుముకోకుండా, "చెప్తే గొప్పలంటరు గని, దేవునికి నిద్ర చెడద్దని గట్ల పోసిన" అన్నాడు. ఇదీ మనిషి. ఇలాంటివాడి మీద కోపం ఎట్లా వస్తుంది చెప్పండి!

మా ఊరికీ పుప్పాలగూడకూ నడుమ, గుండ్ల మధ్య ఒక నవాబుగారి తోట బంగళా ఉండేది. ఆయన వేసవిలో నాలుగు రోజులు వచ్చి పోయేవాడు. రాజ్యం మారాక రావడం మానేసి, సామానంతా అమ్మేయమని తన మున్షీకి కబురు పెట్టాడు. గడియారాలు పోయాయి, అద్దాల దీపాలు పోయాయి, పియానో ఒకటి ఎడ్లబండి మీద మూలుగుతూ పోయింది. తోటలో రెక్కల దొరసాని మిగిలింది. ఊళ్ళో అందరూ ఆమెనట్లాగే పిలిచేవారు. ఆమె కుడిచెయ్యి మోచేతి పైనుంచి లేదు. ఎప్పుడో గాలివానకు కొమ్మ మీదపడి విరిగిందట, విరిగిన ముక్కను ఎవరో ఎత్తుకుపోయారట. అవిటిదాన్ని ఎవరు కొంటారు? పగలగొట్టి కంచు కింద తీసుకుపొమ్మని మున్షీ మా తాతను పిలిపించాడు.

ఆ పొద్దున మా అత్తమ్మా నేనూ అక్కడే ఉన్నాం. పనేమీ లేదు, బంగళా లోపల ఎట్లా ఉంటుందో చూద్దామని వెళ్ళాం. తాత పెద్ద సుత్తి పట్టుకుని హుషారుగా వచ్చాడు. అంత కంచు ఒక్కచోట దొరకడమంటే ఆయనకు ఏడాది బతుకు. సుత్తి ఎత్తేముందు అలవాటుకొద్దీ దొరసాని మోకాలి మీద కణుపుతో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నడుము మీద కొట్టాడు, రెక్క మీద కొట్టాడు. సుత్తి కింద పెట్టేశాడు.

"ఏమైందే ఈయనకు, నోరు పడిపోయిందా?" అని మా అత్తమ్మ నా చెవిలో గొణిగింది.

తాత దిమ్మె ఎక్కి, విరిగిన చేతిలోకి వేలు పెట్టి లోపలంతా తడిమాడు. "గింత పల్చగ పోసిండు. ఎక్కడ బుడగ లేదు, బీట లేదు. ఎవడయ్యా వీడు?" అన్నాడు.

మున్షీ ఒంగి, పాదాల దగ్గర చెక్కిన అక్షరాలు కూడబలుక్కున్నాడు. ఫ్రాన్సు దేశపాయన. నాలుక తిరగని పేరు. పోయిన శతాబ్దంలో బతికినవాడు, ఇట్లాంటి దేవతలనూ రెక్కలవాళ్ళనూ పోసి గొప్పవాళ్ళ తోటలకు పంపేవాడట. అది మున్షీకి నవాబుగారు ఎప్పుడో చెప్పిన మాట.

"అంటే సచ్చిపోయిండా?"

"కబ్ కా పోయిండు తాతా."

"అరెరెరె" అన్నాడు తాత. మనం ఊరికి పోయి వచ్చేలోపు చుట్టం ఇంటికొచ్చి వెళ్ళిపోతే ఎంత చిన్నబోతామో అంతగా చిన్నబోయాడు. తర్వాత దిమ్మె దిగుతూ, "మైనం పట్టినోడు ఏ దేశమోడైనా మనోడే. ఈయన నాకు బావ అయితడు" అన్నాడు.

మున్షీ నవ్వాడు. "భాయ్ అను, అన్న అను. బావ ఏంది?"

"అన్న అంటే ఇగ గౌరవమియ్యాలె. బావనైతే దెప్పొచ్చు, కొట్లాడొచ్చు. పనోనితోని కొట్లాట లేకపోతే పనెట్ల నేరుస్తం?"

ఆ తర్వాత తేల్చి చెప్పేశాడు: "ఈమెను నేనైతే పలగ్గొట్ట."

నువ్వు కాకపోతే పట్నం నుంచి ఇంకొకడొస్తాడన్నాడు మున్షీ. దసరా వెళ్ళాక బొంబాయి సేటొకాయన మిగిలిన సామాను చూడడానికి వస్తున్నాడు. మొత్తం బాగుంటే తీసుకుంటాడు. విరిగిందీ అతికిందీ ముట్టుకోడు. అప్పుడు ఈమెకు కొలిమి తప్పదు. తాత తల గోక్కున్నాడు. దొరసాని మొహంలోకి చూశాడు. "చెయ్యి నేను పోస్త" అన్నాడు.

"పోస్తవు సరే. అతికిందని సేటుకు తెలియొద్దు. ఆయనకే కాదు, ఎవరికీ తెలియొద్దు. ఇయ్యాల కాకున్నా రేపు తెలిసినా వాపస్ పంపిస్తడు. జిందగీ అంత నోరు మూసుకుని ఉంటవా?"

మా అత్తమ్మ ఫక్కుమంది. "ఈయన? నోరు మూసుకునుడా? కోడిని కూయద్దంటే కూడ వింటది గని!"

తాత మొహం ఎర్రబడింది. పౌరుషం వచ్చింది. దొరసాని పాదం మీద అరచెయ్యి వేసి, మాతో కాదు, ఆ చచ్చిపోయిన ఫ్రాన్సు మనిషితో పందెం కట్టాడు. "ఇన్నవా బావా. నీ చెయ్యేదో నా చెయ్యేదో లోకంల ఎవడన్న పోలుస్తే నేను ఓడినట్టు. పోల్చకపోతే నువ్వు ఓడినట్టు. నేను నోరిప్పితే గూడ నేనోడినట్టే." తర్వాత మా వైపు తిరిగి, "మీరు గూడ ఇప్పొద్దు" అన్నాడు. మాకేం పని, ఇప్పం అన్నాం.

ఇక అక్కడినుంచి తాత కొత్తగూడ కొలిమి వదిలేసి బంగళా వెనక పాకలోకి మకాం మార్చాడు. మైనమూ గుగ్గిలమూ కలిపి ముద్ద చేసి, దాంతో చెయ్యి మలచడం. నచ్చకపోతే నలిపేయడం. అసలు తగాదా ఏమిటంటే, పోయిన చేతిలో ఏముండేదో ఎవరికీ గుర్తులేదు. మున్షీ బాకా అన్నాడు. మర్నాడు, బాకా ఎందుకు, కరెంటు దీపం పెడితే సేటు సంతోషిస్తాడన్నాడు. బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది కదా, మా అత్తమ్మ బతుకమ్మను పెట్టమంది. తాత మాత్రం రోజూ దొరసాని ముందు గొంతుకూచుని బావతో కొట్లాట: "ఏం పట్టిచ్చినవ్ బావా ఈమెకు? చెప్పరాదు? పని చేసినోడివి, ఒక మాట చెప్పి సావద్దా?"

మొదటి మైనం చెయ్యి రోకలి పట్టుకున్నట్టు వచ్చింది. రెండోది పోలీసు పటేలు సలాములు తీసుకుంటున్నట్టుంది. మా అత్తమ్మ చూసి, "ఆ రెక్కలకు ఈ చెయ్యి పెడితే, కాకి మీద గద్దకాలు" అంది. తాత దాన్ని కూడా నలిపేశాడు. మనిషి చిక్కిపోయాడు. గొప్పలు తగ్గాయి. ఒక పొద్దున మా అరుగు మీద కూచుని, "బిడ్డా, సుత్తి పట్టుకోని వచ్చిన్నాడే పలగ్గొడితే బాగుండు. ఇప్పుడు ఆమె మొహం చూసుకుంట ఎట్ల పలగ్గొట్టను?" అన్నాడు. ఆయన అట్లా మాట్లాడితే వినలేం.

ఆ సాయంత్రమే అయింది అసలు సంగతి. తాత మంచినీళ్ళకు వచ్చి అరుగు మీద కూచున్నాడు. నేను కోళ్ళకు జొన్నలు చల్లుతున్నాను.

"బిడ్డా, ఆగు! గట్లనే!" అని అరిచాడు.

పామేమో అని ఎగిరి గంతేశాను. "ఎట్లనే తాతా?"

"చెయ్యి! గింజలు ఇడిసినంక చెయ్యి ఎట్లున్నదో గట్లనే ఉంచు!"

గట్లనే ఉంచమంటే ఉంటుందా? అనగానే చెయ్యి కర్ర అయిపోయింది. మళ్ళీ చల్లమన్నాడు, చల్లాను. మళ్ళీ, మళ్ళీ. మా కోళ్ళకు పుట్టి బుద్ధెరిగాక అంత తిండి దొరకలేదు. మా అత్తమ్మ లోపలినుంచి, "ఇంట్ల మనుషులున్నరా, లేక జొన్నలన్నీ వాటికేనా?" అని కేకలు. అట్లా రోజూ సాయంత్రం తాత మైనంముద్ద తెచ్చుకుని అరుగు మీద, నేను వాకిట్లో. గింజలు జారిపోయాక వేళ్ళు ఎట్లా వదులవుతాయో, అరచెయ్యి ఎట్లా మిగిలిపోతుందో ఆయనకు అదే కావాలి. ఇచ్చేసిన చెయ్యి అనేవాడు దాన్ని. "దొరసాని ఏం పట్టుకున్నదో మనకెందుకు బిడ్డా? పట్టుకున్నది ఇచ్చేసింది, అయిపాయె."

నా చిటికెనవేలు కొంచెం వంకర. చిన్నప్పుడు తలుపు సందులో నలిగింది. కొత్తకోడలిని, సిగ్గు ఉంటుంది కదా, "తాతా, ఆ వేలు జర సక్కగ చెయ్యి" అని బతిమాలాను. "అట్లనే బిడ్డా" అన్నాడు. చెయ్యలేదు. నేను చూసేసరికే మైనం మీద మట్టిపూత పడిపోయింది.

మైనం కరిగించి, ఆ ఖాళీలో కంచు పోత పోసిన రోజు ఆయన ఎవరినీ దగ్గరికి రానియ్యలేదు. మట్టి బద్దలుకొట్టి చెయ్యి బయటకు తీశాక కణుపుతో కొట్టి చూసుకుని, పాక గుమ్మం దాకా వచ్చి, "మోగింది!" అని ఒక్క కేక పెట్టాడు. అయితే అతుకు కనబడుతోంది. దాన్ని దాచడానికి చేతి పైభాగంలో ఒక దండకడియం చుట్టాడు, మన ఆడవాళ్ళు పెట్టుకునేదే, సన్నగా మెలిపెట్టి. బాగానే ఉంది. మా అత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఒక్క చేతికే కడియమెవలు పెడతరయ్యా, పిచ్చిదా?" అంది. నిజమేనని రెండో చేతికీ ఒకటి చుట్టాడు. "వడ్డాణం?" అంది అత్తమ్మ. తాత మైనం తీసుకోబోయాడు కూడా. ఇక చాలు తాతా అని నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. లేకపోతే ఆ ఫ్రాన్సు దేవత ముక్కుపుడకతో బొంబాయి వెళ్ళేది.

ఈలోగా పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యమిచ్చే అమావాస్య. తాత తన తండ్రికి, తాతకు ఇచ్చి, ఇంకో చాటలో బియ్యమూ పప్పూ చింతపండూ పెట్టుకుని నిలబడ్డాడు. ఇదెవరికని అడిగాడు అయ్యగారు.

"మా బావకు."

"పేరు?"

"నోరు తిరగది అయ్యగారూ. బావ అనుండ్రి, ఆయనకు తెలుస్తది."

"గోత్రం?"

"మాదే అనుండ్రి."

"బావకూ నీకూ ఒకటే గోత్రమెట్లయితది? పిల్లనిచ్చిండా, దాయాదా?"

తాత చాట సర్దుకుని, "నిజమే. అట్లయితే మా మేనమామల గోత్రం చెప్పుండ్రి" అన్నాడు. అయ్యగారు అదే చెప్పి, ధార పోయించి, చాట అందుకున్నాడు. ఆ విధంగా ఎక్కడో ఫ్రాన్సులో మట్టిలో కలిసిపోయిన శిల్పి కొత్తగూడ కంచరివాళ్ళ మేనరికంలో చేరిపోయాడు. ఎందుకు తాతా ఇదంతా అంటే, "ఆయన పిల్లకు నేను చెయ్యి పెడుతున్న గద. అడగకుంట పెడితే తప్పు" అన్నాడు. ఈ మాట అన్నప్పుడు మాత్రం ఆయన గొంతులో ఎకసెక్కం లేదు.

దసరా వెళ్ళింది. సేటు వచ్చాడు. తెల్లటి బట్టలు, చేతిలో పొన్నుకర్ర. తోటలో దొరసాని ముందు ఆయన, పక్కన మున్షీ, కాస్త వెనకగా తాత. పందిరి కింద నీళ్ళబిందె వంకతో నేనూ అత్తమ్మా. మున్షీ నుదుటన చెమటలు. వెనక పాకలో తాత కొలిమిలో పొద్దుటినుంచి నిప్పు ఉంది, సేటు కాదంటే ఇక ఆలస్యమెందుకని మున్షీయే వేయించాడు. ఆ పొగ మాకు కనబడుతూనే ఉంది.

సేటు చుట్టూ తిరిగాడు. రెక్కలు చూశాడు, పాదాలు చూశాడు. కర్రతో మెల్లగా తట్టాడు. తర్వాత కుడిచెయ్యి దగ్గర ఆగాడు. ఆగి, కదలడే! కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మున్షీజీ," అన్నాడు చివరకు, హిందుస్థానీలో. "మిగతాదంతా ఒక ఎత్తు, ఈ చెయ్యి ఒక ఎత్తు. ఇట్లాంటి పని ఆ దేశం వాళ్ళకే సాధ్యం. మన దగ్గర ఎవడు చేస్తాడు?"

ఇక చూడండి మా తాతను. భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జీవితమంతా లేనివి చెప్పుకుని తిరిగిన మనిషికి, ఉన్నది ఒక్కటి దొరికింది. దాన్ని చెప్పుకోవడానికి ఎదురుగా వినేవాడూ ఉన్నాడు. తువ్వాలు నోట్లోంచి జారింది.

"చెప్తే గొప్పలంటరు గని..." అన్నాడు.

మున్షీ మొహం సున్నం కొట్టినట్టయింది. మా అత్తమ్మ నా మోచెయ్యి గిల్లి పట్టుకుంది. సేటు వెనక్కి తిరిగి, "క్యా?" అన్నాడు.

తాత దొరసానిని చూశాడు, కొలిమి పొగను చూశాడు.

"...మా బావ మస్తు పనోడు" అన్నాడు.

సేటుకు తెలుగు రాదు. ఏమంటున్నాడని అడిగితే, పని బాగుందంటున్నాడని మున్షీ చెప్పాడు. సేటు తలూపాడు. ఆ సాయంత్రమే దొరసానిని వరిగడ్డిలో చుట్టి బండెక్కించారు. తాత బండి వెంట పుప్పాలగూడ దాటేదాకా నడిచి వెళ్ళాడట. తిరిగొచ్చి కొలిమిలో నిప్పు ఆర్పుకుని ఇంటికి పోయాడు.

ఆ తర్వాత ఆయనకు అవస్థ మొదలైంది. నలుగురు కూచున్న చోట ఎవరైనా పనితనం ఊసెత్తితే చాలు, "చెప్తే గొప్పలంటరు గని..." అని మొదలుపెట్టేవాడు. ఠక్కున ఆగేవాడు. ఆపైన, "...వాన పడేటట్టున్నది" అనేవాడు. ఎండాకాలంలోనూ అదే. ముసలాయనకు మతి పోతోందని కొత్తగూడలో అనుకున్నారు. కోడళ్ళు జాలిపడి పెరుగన్నం పెట్టారు. నోరు విప్పి ఒక్క మాట చెప్తే ఆ జాలి అంతా పోయేది. చెప్పలేదు.

ఆయనకు ఒకే ఒక్క చోటు మిగిలింది, మా అరుగు. నెలకో రెండు నెలలకో వచ్చేవాడు. మంచినీళ్ళు తాగి, "కోళ్ళకు గింజలెయ్యవా బిడ్డా?" అనేవాడు. పొద్దు నడినెత్తిన ఉన్నా సరే, నేను దోసెడు జొన్నలు తెచ్చి చల్లేదాన్ని. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "చెప్తే గొప్పలంటరు గని బిడ్డా... ఏం చెయ్యి!" అనేవాడు. అంతే. ఆ రెండు మాటలతో ఆయన మొహం వెలిగిపోయేది. నాకూ గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి? అది నా చెయ్యి కూడా కదా.

చివరిసారి వచ్చినప్పుడు కర్ర ఊతంతో వచ్చాడు. అరుగు ఎక్కలేక కిందే కూచుని అడిగాడు: "బొంబాయిల ఎవలన్న పోల్చిన్రంటనా?"

నాకేం తెలుసు? బొంబాయి ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. "ఎవలు పోల్చలే తాతా" అన్నాను.

"ఇగ బావ ఓడినట్టే" అన్నాడు. లేచి వెళ్ళేముందు అలవాటుగా మా గుమ్మాన్ని ఒకసారి కణుపుతో కొట్టాడు. ఆ వానాకాలంలోనే పోయాడు.

ఆయన పోయాక నేను చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, పిల్లలకు చదువు చెప్పాను. ఎన్నడూ ఎవరికీ నోరు విప్పి ఈ సంగతి చెప్పలేదు. అత్తమ్మా చెప్పకుండానే పోయింది. ఆమెనూ మెచ్చుకోవాలి.

ఇదిగో, ఇన్నేళ్ళకు దొరసాని తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది. ఎన్ని చేతులు మారి ఈ అద్దాల మేడకు చేరిందో. రెండు చేతులకూ మెలిపెట్టిన దండకడియాలు. చిటికెనవేలు వంకర. నా వేలు తాడు మీదుగా చాపి దాని పక్కన పట్టి చూసుకున్నాను. నాది ఇప్పుడు ఎండిన చింతకాయ, అది మాత్రం కొత్తకోడలిదే. తాతా, సక్కగ చెయ్యమంటే విన్నావు కాదు!

పక్కనే రాగిరేకు మీద ఏదో రాసి ఉంది. మనవరాలు ఇంగ్లీషులో చదువుకుని నాకు తెలుగులో చెప్పింది: "ఫ్రాన్స్ అమ్మమ్మా, నైన్టీన్త్ సెంచరీ. ఈవిడ పేరు సమృద్ధి అట. ఆకాశం నుంచి దిగొచ్చి మనుషులకు సిరులు చల్లుతోందట. ఆ చెయ్యి చూడు, గింజలు చల్లినట్టు లేదూ? ఆ చెయ్యిని బట్టే ఆ పేరట. ఆ ఆర్మ్‌లెట్స్ ఏమో, శిల్పికి మన తూర్పు దేశాలంటే మోజుండేదట."

నాకు నవ్వు ఆగలేదు. మనవరాలి స్నేహితులు నలుగురు చుట్టూ చేరారు. వాళ్ళలో ఒక పిల్ల, "నిజంగా ఎంత బాగుందో ఆ హ్యాండ్! ఎలా చేసుంటారో" అంది.

నోరు ఎంత దురద పెట్టిందో ఏం చెప్పను! ఆనాడు తాత తువ్వాలు ఎందుకు కొరుక్కున్నాడో అప్పుడు తెలిసింది. ఒక్క మాట చాలు. కొత్తగూడ, కంచరి, పేరు. ఈ పిల్లలు ఫోన్లు తీస్తారు, ఊరంతా తెలుస్తుంది, ఆయనకు ఇన్నాళ్ళకు దక్కాల్సింది దక్కుతుంది. ఆ క్షణంలోనే ఆయన పందెం పోతుంది.

"చెప్తే గొప్పలంటరు గని..." అన్నాను. నాకు తెలియకుండానే వచ్చేసింది.

అందరూ నా వైపు తిరిగారు. "చెప్పు అమ్మమ్మా" అంది మనవరాలు.

దొరసానిని చూశాను. ఆ చెయ్యిని చూశాను.

"...అప్పట్ల మా కోళ్ళు మస్తు బలిసినయ్" అన్నాను.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మనవరాలు నన్ను మెల్లగా నడిపించి కుర్చీలో కూచోబెట్టి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. దాని కళ్ళలో జాలి. పాపం, అమ్మమ్మకు మతి పోతోందనుకుంది. అనుకోనీ. తాతా, పందెంలో పడ్డ నీ బావ ఇంకా లేవలేదు.